కడుపులో రక్తనాళము చిట్లినప్పుడు

ఉగాది కుటుంబ సమ్మేళనములో చదివిన ప్రసంగ పాఠము

 

కార్యదర్శిగారు మమ్ములను మాట్లాడమన్నప్పుడు రైల్వే పాసులమీదనో, పిల్లల తెలుగు చదువుమీదనో చెబుతామని అనుకొని ఉంటారు. మేము ఎన్నుకొన్న విషయము విని, "పండుగపూట నెత్తురు మాటలెందుకండీ?" అన్నారు. మా అమ్మ కూడ అదే అన్నది. అయినా పట్టుపట్టి దీనినే తీసుకొన్నాము. ఎందుకంటే సంవత్సరములో మనవాళ్ళందరూ ఒక్కచోట కూడేది ఈ ఒక్కరోజే. ఇక్కడ చెప్పిన మాట సాయంత్రానికల్లా ఖుర్దారోడ్డులోని ప్రతి తెలుగు వాకిటికీ చేరుతుంది. ఆసుపత్రిలో చెప్పిన మాట అట్లా చేరదు.

మేము డాక్టరు కాము. రైల్వే ఆఫీసులో గుమాస్తా పని. చదివినది మెట్రిక్ వరకు. చెప్పబోయేది మా చిన్నాన్నగారి మంచముప్రక్కన కూర్చొని డాక్టర్లను అడిగి తెలుసుకొన్నది. ఆ మీదట ఇంగ్లీషు బాగా వచ్చిన మిత్రులచేత వైద్యపత్రికలలోని వ్యాసాలు చదివించుకొని సరిచూసుకొన్నది. మేము మందులు చెప్పబోవడము లేదు. అటువంటి ఆపద వస్తే డాక్టరును ఏమి అడగవలెనో అంతవరకే చెబుతాము.

2023 కార్తీకమాసములో జరిగిన సంగతి. మా చిన్నాన్నగారు పట్టాలపని చేసి రిటైరైన మనిషి. వక్కపలుకు కూడ నోట వేసుకోరు. తాగుడు మాట చెప్పనే అక్కరలేదు. రెండు రోజులుగా ఆయనకు విరేచనము తారులాగ నల్లగా, జిగటగా, దుర్వాసనతో అవుతున్నది. ఏదో వేడి చేసిందనుకొని మా పిన్నికి కూడ చెప్పలేదు. మూడవనాటి రాత్రి భోజనానికి కూర్చొని, రెండు ముద్దలు తిని, లేచి పెరటిలోకి పోయి నెత్తురు కక్కినారు. చిన్న గిన్నెడు కాదు, పళ్ళెము నిండినది.

క్షణములో ఇల్లంతా జనము. ఒకరు ఐసుముక్కలు మింగించమంటారు, ఒకరు దిష్టి తీయమంటారు. మా మేనత్తగారు మాత్రము, "రాత్రి బండికి విశాఖపట్నము తీసుకొనిపోండి, మన ఊరు, మన భాష, మన డాక్టర్లు" అని ఏడ్చింది. మాకూ అదే సబబని తోచినది. విశాఖ నాలుగు వందల కిలోమీటర్లు పైబడి ఉన్నదన్న ఆలోచన ఆ గడియలో రాలేదు. మా వెనుక లైనులో రిటైరైన ఒడియా నర్సమ్మ ఒకరు ఉంటారు. ఆమె వచ్చి, పళ్ళెము చూసి, నాడి చూసి, "బండి మాట ఎత్తవద్దు. ఎండోస్కోపీ ఉన్న దగ్గరి ఆసుపత్రికి ఇప్పుడే బయలుదేరండి" అని కేకవేసింది. ఆ కేక లేకపోతే బరంపురము దాటకముందే మా చిన్నాన్నగారు దాటిపోయి ఉండేవారని తరువాత డాక్టర్లు చెప్పినారు.

ఇంతకూ కడుపులో అంత నెత్తురు ఎక్కడిది? మన పని భాషలోనే చెబుతాము. జీర్ణకోశము, ప్రేగులు, ప్లీహము వీటినుంచి వచ్చే రక్తమంతా ఒక పెద్ద సిరగుండా కాలేయానికి పోతుంది. దానిని పోర్టల్ సిర అంటారు. కాలేయానికి చేరే రక్తములో సుమారు మూడువంతులు ఈ మార్గాననే వస్తుంది, మిగిలిన ఒక వంతు ధమని తెస్తుంది. ఇది మెయిన్ లైను అనుకోండి. కాలేయము జబ్బుతో గట్టిపడితే, అంటే సిర్రోసిస్ వస్తే, ఆ లైనుకు సిగ్నలు పడదు. వెనుక ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా అయిదుకు మించని ఒత్తిడి పదికి చేరితే పక్కసిరలు ఉబ్బడము మొదలు. పన్నెండు దాటితే చిట్లే ప్రమాదము. ఇవి రక్తపుపోటు కొలిచే పాదరస మిల్లీమీటర్ల లెక్క.

తుపాను వచ్చి మన మెయిన్ లైను మూసినప్పుడు బండ్లను టిట్లాగఢ్, రాయగడ మీదుగా మళ్ళిస్తారుగదా. శరీరమూ అదే చేస్తుంది. రక్తాన్ని అన్నవాహిక చుట్టూ, జీర్ణకోశము చుట్టూ ఉన్న చిన్న సిరలలోకి మళ్ళిస్తుంది. అంత బరువు మోయుటకు ఆ సిరలు పుట్టలేదు. అవి ఉబ్బి, పలుచబడి, ఒకనాడు చిట్లుతాయి. నెత్తురు పైకి వస్తే వాంతి, క్రిందికి పోతే తారువంటి విరేచనము. రెండూ ఒకటే ఆపద. మా చిన్నాన్నగారు రెండు రోజులు దాచుకొన్న ఆ నలుపు మొదటి హెచ్చరిక.

మొదటి ఆసుపత్రిలో రక్తము ఎక్కించినారు. ఒత్తిడి తగ్గించే ఇంజెక్షను, చీము పట్టకుండా యాంటిబయాటిక్ పెట్టినారు. అక్కడ మా బంధువులు ఒక తగవు పెట్టుకొన్నారు: "పదిమందిమి రక్తమివ్వ వచ్చినాము, ఇంకా ఎక్కించరేమి?" అని. ఎక్కువ ఎక్కిస్తే ఆ సిరలలో ఒత్తిడి మరల పెరిగి ఇంకా కారుతుందట. హెమోగ్లోబిన్ ఏడు ఎనిమిది మధ్య నిలిపితే చాలునని, బార్సిలోనాలో చేసిన పరిశీలన 2013లో అచ్చయినప్పటినుంచి డాక్టర్లు అదే పద్ధతి పాటిస్తున్నారు. మావాళ్ళ తగవు ప్రేమతో చేసినదే, కాని తప్పు.

తెల్లవారి ఎండోస్కోపీ చేసి, "బ్యాండు వేసినాము, ఆగింది" అన్నారు. మేము దేవునికి దండము పెట్టుకొన్నాము. అయిదవనాడు మరల నెత్తురు కక్కినారు. అప్పుడు వారు, "ఇది అన్నవాహికలోని సిర కాదు, జీర్ణకోశము పైభాగములోనిది. దీనికి గ్లూ వేయవలె. మావద్ద ఆ ఏర్పాటు లేదు" అని పెద్ద ఆసుపత్రికి పంపినారు. మొదటినాడే ఈ మాట మాకు చెప్పి ఉంటే బాగుండేది. వారు చెప్పలేదు, మేమూ అడగలేదు. మాకు అడగ తెలియలేదు. ఈ ప్రసంగము పుట్టినది అక్కడినుంచే.

పెద్ద ఆసుపత్రిలో యువకుడైన డాక్టరుగారు ఎక్స్‌రే కవరు వెనుక పెన్సిలుతో బొమ్మ వేసి మాకు హిందీలో చెప్పినారు. జీర్ణకోశము పైన గుమ్మటమువంటి భాగమున్నది, దానిని ఫండస్ అంటారు. అక్కడి సిరలు అన్నవాహిక సిరలవలె కావు. లావుగా, మెలికలు తిరిగి, లోతుగా ఉంటాయి. కాలేయపు ఒత్తిడి ఉన్న నూరుమందిలో సుమారు ఇరవైమందికి జీర్ణకోశములో ఇటువంటి సిరలు కనబడుతాయి. ఢిల్లీలోని శివకుమార్ సరీన్ అనే డాక్టరు తన సహచరులతో కలిసి 568 మంది రోగులను పరిశీలించి 1992లో ఈ సిరలను నాలుగు రకాలుగా విభజించినారు. ఈనాటికీ దేశదేశాల డాక్టర్లు ఆ విభజననే వాడుతున్నారు. అన్నవాహిక సిరలే కొద్దిగా క్రిందికి సాగి జీర్ణకోశపు చిన్నవంపు వెంబడి వచ్చినవి ఒక రకము. ఎక్కువమందికి ఉండేది అదే. ఫండస్‌లో ఉబ్బినవి వేరు. తక్కువమందికి వచ్చినా ఫండస్ సిరలు చిట్లితే ఉద్ధృతముగా కారుతాయి.

ఇక వైద్యములు. ఎండోస్కోపీ గొట్టముగుండా చేసేవి ముఖ్యముగా మూడు.

మొదటిది ఎండబెట్టే మందు. సిరలోకి సూదితో మందెక్కించి దానిని గట్టిపరచడము. 1939లో స్వీడన్ దేశపు డాక్టర్లు ఇద్దరు మొదట అన్నవాహికలో దీనిని చేసినారు. జీర్ణకోశములో మాత్రము ఇది అంతగా నిలువదు. లావుపాటి సిరలో ప్రవాహము ఎక్కువ; మందు నిలువక కొట్టుకొనిపోతుంది, పైగా పుండ్లు పడుతాయి.

రెండవది బ్యాండు. 1986లో అమెరికాలోని డెన్వర్ నగరములో స్టీగ్మన్ అనే సర్జను దీనిని ప్రవేశపెట్టినారు. సిరను గొట్టము కొనలోకి పీల్చి, దాని మెడకు చిన్న రబ్బరు ఉంగరము తొడుగుతారు. పూలమాల కొనను దారముతో బిగించినట్లు. రక్తము ఆగి, ఆ ముక్క కొన్ని రోజులలో ఎండి రాలిపోతుంది. అన్నవాహికకు ఇది చాల మంచి వైద్యము, ఈనాటికీ అక్కడ దానిదే మొదటి స్థానము. ఫండస్‌లో చిక్కు ఏమంటే, జీర్ణకోశపు పొర మందము, సిర లోతు. అంత లావు సిర ఉంగరములోకి పూర్తిగా రాదు. పైభాగము మాత్రమే బిగుసుకొంటుంది. అది రాలిన చోట పుండుపడి, క్రింద సిర తెరచుకొనే ఉంటుంది. మా చిన్నాన్నగారికి అయిదవనాడు జరిగినది ఇదే.

మూడవది జిగురు, గ్లూ. దీని కథ వినదగినది. 1942లో అమెరికాలో కోడాక్ కంపెనీ రసాయనికుడు హ్యారీ కూవర్ తుపాకి గురిచూసే అద్దాలకు ప్లాస్టిక్ వెదుకుతూ సయనోఅక్రిలేట్ అనే పదార్థము తయారుచేసినారు. అది తాకిన ప్రతిదానికీ అంటుకొనిపోతున్నదని విసిగి పక్కన పెట్టినారు. తరువాత అదే జిగురుగా లోకానికి పనికివచ్చినది. వియత్నాం యుద్ధములో గాయాలమీద చల్లి నెత్తురు ఆపినారు. మన ఇళ్ళలో చెప్పులకు, బొమ్మలకు వాడే ఫెవిక్విక్ కూడ ఆ కుటుంబములోనిదే. అయితే అది వైద్యానికి పనికిరాదు. వైద్యానికి వేరే శుద్ధిచేసినది ఉన్నది. ఈ జిగురును జీర్ణకోశపు సిరలలోకి ఎక్కించే పద్ధతిని 1986లో జర్మనీలోని హాంబర్గులో సోహేంద్ర అనే డాక్టరు ప్రకటించినారు. రక్తము తగిలిన కొన్ని క్షణాలలో అది రాయివలె గట్టిపడి సిరను లోపలినుంచే మూసివేస్తుంది. మరీ త్వరగా గట్టిపడకుండ, ఎక్స్‌రేలో కనబడేటట్లు గసగసాల నూనెతో చేసిన అయోడిన్ మందును దానితో కలిపే అలవాటు ఉన్నది.

"మీ ఆసుపత్రిలో గ్లూ ఉన్నది గనుక గ్లూ మంచిదంటున్నారా?" అని మేము డాక్టరుగారిని మొగముమీదనే అడిగినాము. ఆయన నవ్వి, లెక్కలు చెప్పినారు. గుమాస్తాలము గనుక లెక్కలు వ్రాసుకొన్నాము.

తైవానులో 2001లో అచ్చయిన పరిశీలనలో అరవైమంది రోగులు. చీటీ వేసినట్లు కొందరికి గ్లూ, కొందరికి బ్యాండు. కారుతున్న రక్తము గ్లూతో నూటికి 87 మందికి ఆగినది, బ్యాండుతో 45 మందికి. తిరిగి కారినది గ్లూ వేసినవారిలో నూటికి 31, బ్యాండు వేసినవారిలో 54. మరల 2006లో తైవానునుంచే 97 మందిమీద ఇంకొక పరిశీలన వచ్చినది. అందులో అప్పటికప్పుడు ఆపడములో రెండూ సమానమే, నూటికి 93. తరువాత తిరిగి కారడములోనే తేడా: గ్లూకు 22, బ్యాండుకు 44. ప్రాణము దక్కినవారి లెక్కలో తేడా కనబడలేదు. కాబట్టి బ్యాండు వేసినవారు ద్రోహము చేసినారని అనరాదు. ఆ రాత్రికి అది ఆపవచ్చును. ఆ తరువాతి రోజులకే పూచీ తక్కువ.

మొదటి పద్ధతి సంగతి ఢిల్లీలో తేల్చినారు. ఫండస్‌లో మాత్రమే సిరలున్న 37 మందిలో కొందరికి ఆల్కహాలు సూది, కొందరికి గ్లూ ఇచ్చి 2002లో ఫలితము ప్రకటించినారు. సిర పూర్తిగా మూసుకొనడము గ్లూతో నూటికి నూరు, ఆల్కహాలుతో 44. రక్తము ఆగడము 89కి 62. తిరిగి కారకుండ మాత్రలు మాత్రము వేసుకొంటే చాలునా అన్నదానికి కూడ ఢిల్లీనుంచే 2010లో జవాబు వచ్చినది: 67 మందిలో గ్లూ పొందినవారికి నూటికి 15, మాత్రలవారికి 55 తిరిగి కారినది. చనిపోయినవారు నూటికి 3, 25.

అయితే గ్లూ నిరపాయము కాదు. ఆ సంగతి దాచకూడదు. జిగురుముక్క ఎప్పుడైనా సిరనుంచి కొట్టుకొనిపోయి ఊపిరితిత్తులలోనో, అరుదుగా మెదడులోనో చిక్కుకొనవచ్చును. సూది సిరలోనే అంటుకొనిపోవచ్చును. వారాలు గడిచిన తరువాత జిగురు బయటికి వచ్చేటప్పుడు పుండుపడి కొంత కారవచ్చును. అందుకే ఒక్కొక్కసారి కొద్దిగా, సుమారు ఒక మిల్లీలీటరు చొప్పున ఎక్కిస్తారు. అలవాటుపడిన చేయి కావలె. ఈ భయము తగ్గించుటకు శబ్దతరంగాలతో చూసే ఎండోస్కోపుతో సిరలో ముందు సన్నని లోహపుచుట్టలు అమర్చి, వాటిమీద గ్లూ వేసే పద్ధతి వచ్చినది. శాన్‌ఫ్రాన్సిస్కో డాక్టర్లు 2011లో 30 మంది రోగులతో దీనిని ప్రకటించినారు. జిగురు ఆ చుట్టలకు పట్టుకొని కదలదు. ఖర్చు మాత్రము ఎక్కువ.

ఇవేవీ ఆగనప్పుడు మెడ సిరగుండా తీగ పంపి కాలేయములోనే ఒక దారి తెరిచే వైద్యమున్నది, దానిని టిప్స్ అంటారు. తైవానులో 72 మందిమీద చూసి 2007లో చెప్పినది ఏమంటే, ఆ సిరలు తిరిగి కారడము దీనితో నూటికి 11, గ్లూతో 38. కాని బ్రతికినవారి లెక్కలో తేడా లేదు. పైగా రక్తము కాలేయాన్ని తప్పించుకొని పోతుంది గనుక మతి భ్రమించే చిక్కు వస్తుంది. అందరికీ పనికిరాదు.

మా చిన్నాన్నగారికి గ్లూ వేసినారు. ఆగినది. కొన్ని వారాలకు పిలిచి చూసి, మిగిలిన సిరకు మరల వేసినారు. రెండవసారికి పోవలెనంటే, "బాగానే ఉన్నానుగదా, మరల ఆ గొట్టము ఎందుకు?" అని మొరాయించినారు. మా పిన్ని రిక్షా ఎక్కించి తీసుకొనిపోయింది. మధ్యలో మానినవారే ఎక్కువగా తిరిగి వస్తున్నారని ఆసుపత్రిలో చెప్పినారు.

ఇప్పుడు చేదు సంగతి. నెత్తురు ఆగినది గాని మాటలు ఆగలేదు. "లివరు చెడినదట" అన్న మాట పొక్కగానే, "చాటున తాగేవాడేమో" అన్నారు. మనవాళ్ళే అన్నారు. మందిరము మెట్లమీద అన్నారు, పెళ్ళి విందులో అన్నారు. చిన్నాన్నగారు మూడు నెలలు క్వార్టరు వాకిలి దాటలేదు. పరీక్షలో తేలినదేమంటే, ఆయన కాలేయాన్ని చెడగొట్టినది హెపటైటిస్ బి అనే వైరసు. ఎన్నడో చిన్నతనాన ప్రవేశించి, నలభై యాభై ఏండ్లు చప్పుడు లేకుండ పని చేసినది. తాగుడువల్ల కాలేయము చెడేవారు ఉన్నారు, కాదనము. హెపటైటిస్ బి, సి వలన, ఒళ్ళు పెరిగి కొవ్వు పట్టడమువలన చెడేవారూ ఉన్నారు. ఒకవేళ తాగుడువల్లనే అయినా నెత్తురు కక్కే మనిషిని నిందిస్తే నెత్తురు ఆగుతుందా? ఆ నిందకు భయపడి ఇంకొక ఇంటివారు నల్లవిరేచనము దాచుకొంటారు, అంతే.

తరువాత ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయించినాము. మా తమ్మునికి, అంటే చిన్నాన్నగారి కుమారునికి, అదే వైరసు ఉన్నట్లు తేలినది. కాలేయము ఇంకా చెడలేదు. ఆరునెలల కొకసారి చూపించుకొంటున్నాడు. మిగిలినవారందరమూ టీకా వేయించుకొన్నాము. కొందరు చిన్నాన్నగారి కంచము వేరుచేయమన్నారు. కలిసి తిన్నందువల్ల, తాకినందువల్ల ఇది అంటదు. రక్తమువలన, తల్లినుంచి బిడ్డకు, దంపతులమధ్య, ఒకరి క్షౌరపు బ్లేడు మరొకరు వాడడమువలన అంటుతుంది. ఈ టీకా విషయములో మనము గర్వించదగిన మాట ఒకటి ఉన్నది. మనదేశములో జన్యుపద్ధతిని తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా 1997లో హైదరాబాదునుంచే, వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థనుంచే వెలువడినది. పిల్లలకు ప్రభుత్వమువారి టీకాలలో ఇది 2002లో కొన్నిచోట్ల మొదలై 2011 తరువాత దేశమంతటా వ్యాపించినది. 2018 జూలై 28న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన కార్యక్రమముక్రింద పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇస్తున్నారు. పెద్దవాళ్ళము మనము ఎందరము పరీక్ష చేయించుకొన్నాము?

మీ జ్ఞాపకానికి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాము. తారువంటి విరేచనమైనా, నెత్తురు వాంతి అయినా దాచవద్దు. రోగిని సొంతదేశము తీసుకొనిపోవలెననే ఆరాటము వద్దు. ఎండోస్కోపీ ఉన్న దగ్గరి ఆసుపత్రే ఆ రాత్రికి మన ఊరు. ఎండోస్కోపీ అయిన వెంటనే డాక్టరును అడగండి: సిర అన్నవాహికలోనిదా, జీర్ణకోశములోనిదా? ఫండస్‌లోనిదైతే గ్లూ వేసే ఏర్పాటు ఇక్కడ ఉన్నదా, లేక స్థిరపడగానే ఎక్కడికి పంపుతారు? మరల ఎన్నడు చూపించవలె? జవాబు కాగితముమీద వ్రాయించుకొని భద్రపరచండి. భాష రాక నోరు మెదపలేని పెద్దవారు ఆసుపత్రిలో ఉంటే సంఘానికి కబురు చేయండి. ఒడియా, హిందీ, ఇంగ్లీషు మాట్లాడగల యువకులు మనలో ఉన్నారు, రాత్రి రెండు గంటలకైనా వస్తారు. మేము వస్తాము.

ఈ సంగతులు పదిమందిలో చెప్పవచ్చునా అని చిన్నాన్నగారిని అడిగినాము. చాలసేపు మాట్లాడలేదు. చివరకు, "చెప్పు. నేనూ వస్తాను, వాళ్ళ ఎదుటనే కూర్చుంటాను" అన్నారు. ఆయన ఇప్పుడు మూడవ వరుసలో, మా పిన్ని ప్రక్కన కూర్చొని ఉన్నారు. ఉప్పు తగ్గించవలెనన్నారు గనుక ఈ ఉదయము ఉగాది పచ్చడి ఆయనకు వేరుగా కలిపినాము. సభ ముగిసిన తరువాత ఆయనను పలుకరించి పోవలసినదిగా మా మనవి.

సెలవు.